ఫోను మనది, పగ్గ మెవరిది?

దేశమున నే వస్తువు ప్రజల నిత్యజీవనమునకు ఆధారమగునో, ఆ వస్తువు ఎవరి చేతిలో నున్నదని విచారించుట పౌరుని ప్రథమధర్మము. మన పెద్దలు ఉప్పును గూర్చి యట్లు విచారించిరి. నూలును గూర్చి యట్లు విచారించిరి. నేడు ఉప్పువలెనే పేదకును ధనికునకును తప్పనిసరియైన వస్తువు మఱియొకటి వచ్చినది. అది సెల్‌ఫోను. దీనిని గూర్చి మనము చేయుచున్న విచారణ యెట్టిది? వేములవాడ బజారులో ఏ ఫోనుదుకాణము ముందు నిలిచినను వినవచ్చు ప్రశ్నలు మూడే: కెమెరా యెంత? బ్యాటరీ యెంత? ధర యెంత? పఠనాలయమున పత్రికలు చదువువారును, ఉపాధ్యాయులును, వర్తకులును, న్యాయస్థానముల మెట్లెక్కువారును ఈ మూడు ప్రశ్నలయొద్దనే యాగిపోవుచున్నారు. ఏ ముద్ర మేలు, ఏ మోడలు మేలు అని గంటలకొలది వాదించువారు, ఆ ఫోనునకు ప్రాణమిచ్చు సిమ్ము ఎవరిది, ఆ కంపెనీతో మనకు గల యొడంబడిక యేమి, రేపు ధర పెంచినచో మనము పోదగిన చోటేది అని ఒక్కమాటయైనను అడుగరు. కోడెను కొనునపుడు కొమ్ములును మూపురమును జూచి మురిసి, పగ్గము మాత్రము పరుని చేతిలో విడిచివచ్చినట్లున్నది మన వ్యవహారము.

ముందు లెక్క చూతము. లెక్క యెవరి పక్షమును వహింపదు గదా! 12,000 రూపాయల ఫోను నొకటి కొని నాలుగేండ్లు వాడితిమనుకొందము. సంవత్సరమునకు 3,000 రూపాయలు పడినది. 2024 జూలైలో ధరలు పెంచిన పిమ్మట పెద్దకంపెనీలలో సామాన్యగృహస్థులు వేయించుకొనిన ప్లానులలో నొకటి 28 దినములకు 299 రూపాయలు. ఇట్టి 28 దినముల ‘మాసములు’ సంవత్సరమునకు పండ్రెండు కావు, పదమూడు. 299ని పదమూటిచే హెచ్చించిన 3,887 రూపాయలు. నాలుగేండ్లకు 15,548 రూపాయలు. అనగా కోడెకన్న పగ్గము ఖరీదు హెచ్చు. ఇంటిలో నాలుగు ఫోనులున్నచో ఆ 15,548 రూపాయలును ఒక్కయేటనే చెల్లును. ఫోనుధరలో ఐదువందలు తగ్గింపుమని దుకాణదారుతో అరగంట బేరమాడు గృహస్థుడు ఈ పదమూడవ మాసమును గూర్చి యొకనాడైనను అడిగినాడా?

ఎక్కువ వాడువాడు ఎక్కువ చెల్లించును, తప్పేమి అని కొందఱందురు. వాడనివాని సంగతి వినుడు. 2018 చివర నొక ప్రధానకంపెనీ, సిమ్ము సజీవముగ నుండవలెనన్న 28 దినములకు కనీసము 35 రూపాయలు వేయవలెనని నియమము పెట్టినది. తక్కినవారును ఆ త్రోవనే పట్టిరి. ఆ కనీసమే 2024 జూలై నాటికి ఆ కంపెనీలో 199 రూపాయలైనది. ఆరేండ్లలో అయిదురెట్లకు పైగ! బీడీలు చుట్టు తల్లికి వేయిబీడీల కూలి ఆ ఆరేండ్లలో అయిదురెట్లైనదా? సిరిసిల్లలో మరమగ్గము నడుపు కార్మికుని మీటరుకూలి అయిదురెట్లైనదా? కూలి నడకన వచ్చును, రీచార్జి రైలెక్కి వచ్చును.

పోనీ, సిమ్ము మానుకొందమన్న వీలులేదు. 2016లో యూపీఐ వచ్చినది మొదలు బ్యాంకులోని సొమ్ము ఫోనుసంఖ్యకు ముడిపడినది. 2023 జనవరి 1 నుండి ఉపాధిహామీ పనుల హాజరు సైతము ఫోనులోనే తీయవలెనని నియమమైనది. పూర్వము చేవ్రాలో, వ్రేలిముద్రయో మనుష్యునకు గుర్తు. నేడు ఫోనునకు వచ్చు ఓటీపీ అంకెలే చేవ్రాలు. పౌరుని చేవ్రాలు 28 దినముల కొకసారి డబ్బు చెల్లింపనిచో చెల్లకుండ పోవుట యే న్యాయశాస్త్రమున గలదు? అట్టి వస్తువు విలాసము కాదు, ప్రజావశ్యకము. ప్రజావశ్యకమును ఇద్దఱు ముగ్గురు వర్తకుల దయకు విడిచిపెట్టిన జాతి యెంత చదివినను స్వతంత్రజాతి యనిపించుకొనదు.

ఈ స్థితి యెట్లు వచ్చెను? 1995 జూలై 31న కలకత్తానుండి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరాముతో మాటాడుటతో మనదేశమున సెల్‌ఫోను ఆరంభమైనది. నాడు పిలిచినవాడు నిమిషమునకు 16 రూపాయల వఱకు చెల్లించెను, పిలుపందుకొన్నవాడును చెల్లించెను. 2002 అక్టోబరులో ప్రభుత్వసంస్థయైన బీ.ఎస్.ఎన్.ఎల్. ఈ రంగమున ప్రవేశించినది. 2003 మే నుండి అందుకొను పిలుపు ఉచితమైనది. 2010 ప్రాంతమున మన తెలుగుసీమలో ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోను, రిలయన్సు, టాటా, ఎయిర్‌సెల్, యూనినారు, బీ.ఎస్.ఎన్.ఎల్. అను బోర్డులు వరుసగ వ్రేలాడెను. ఒకడు ధర పెంచిన మఱియొకడు తగ్గించెను. 2011 జనవరి 20 నుండి సంఖ్య మార్చుకొనకుండ కంపెనీ మార్చుకొను హక్కు దేశమంతటను వచ్చినది. అది వినియోగదారుని స్వర్ణయుగము.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చెను. 2017 మార్చి 31 వఱకు అంతయు ఉచితమనెను. మనము బారులు తీరితిమి. ఉచితమన్న మాట వినగనే చేతులు చాచినవాడు, ఆ యుచితమునకు పిదప మూల్యమెవరు చెల్లింతురని అడుగడు. 2017 ముగియక మునుపే రిలయన్సు కమ్యూనికేషన్సు మాటల సేవను ముగించెను. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలాకు దరఖాస్తు పెట్టెను. దాని చందాదారులు సిగ్నలు లేని ఫోనులు పట్టుకొని దుకాణముల చుట్టు తిరిగిరి. 2018 ఆగస్టులో వొడాఫోను, ఐడియా ఒక్కటయ్యెను. 2019లో టాటావారి వ్యాపారము ఎయిర్‌టెల్‌లో గలసెను. ఎనిమిది బోర్డులు నాలుగైనవి. తరువాత జరిగిన దేమి? 2019 డిసెంబరున ధరలు పెరిగెను. 2021 చివర పెరిగెను. 2024 జూలైలో పెరిగెను. ఈ కడపటి పెంపునాడు మువ్వురు ప్రైవేటువారును రెండుదినముల వ్యవధిలోనే పెంపు ప్రకటించిరి. 239 రూపాయల ప్లాను 299కి ఎక్కెను. 2025 నాటి ట్రాయి లెక్కలలో దేశమందలి సెల్‌ఫోను చందాదారులలో నూటికి డెబ్బదిమందికి పైగ రెండే కంపెనీల క్రింద నున్నారు. మూడవ కంపెనీ బకాయిలు చెల్లింపలేక వాటాలిచ్చుకొనగా, 2025లో దానిలో సుమారు నూటికి 49 వంతులు కేంద్రప్రభుత్వమునకు దక్కినవి. నాలుగవది ప్రభుత్వసంస్థ. ఈ రెండును కూలినచో మిగులువారు ఇద్దఱు.

ఇద్దఱు మాత్రమే మిగిలిన దేశమున నేమగునో వేములవాడవారికి పుస్తకములు చదివి తెలిసికొన నక్కఱలేదు. దుబాయి పోయివచ్చిన వానిని అడిగిన చాలును. మన చందుర్తి, రుద్రంగి, కోనరావుపేట ప్రాంతములనుండి ఎడారిదేశములకు పోని యిల్లు అరుదు. ఎమిరేట్సులో ఫోనుకంపెనీలు రెండు: ఎతిసలాతు, డూ. ఇచ్చట వాట్సాపులో ఉచితముగ పోవు పిలుపును అచ్చట అడ్డగించిరి. అడ్డగించి, 2018లో అనుమతి గల వేఱొక యాపులో మాటాడుకొనుటకు మాసమునకు 50 దిర్హముల ప్లాను అమ్మజూపిరి. బిడ్డ ముఖము చూచుటకు తండ్రి సుంకము చెల్లింపవలెను! ఆ కార్మికునకు పోదగిన మూడవకంపెనీ లేదు.  ఆ సుంకము కట్టినవాడు మన యింటివాడే. కనుక మనకు హెచ్చరిక అక్కఱలేదు, జ్ఞాపకము చాలును.

ఇచ్చట మూడు ఆక్షేపణలు వినవచ్చును. మొదటిది: ‘ప్రపంచమున పెక్కుదేశములకన్న చౌకగ ఇంటర్నెట్టు మనకు దొరకుచున్నది, ఇక చింత యేల?’ నిజమే, చౌకయే. కాని ఆ చౌక యెవరి దానము? ఎనిమిదిమంది పోటీపడినపుడు పండిన పంట అది. చెట్టు నఱకిన పిమ్మట గాదెలోని గింజలను జూపి, చెట్టు లేకున్నను కొఱత లేదనుట వివేకము కాదు. అదిగాక, చౌకయైనది జీబీ. పేదవానికి కావలసినది జీబీ కాదు, పదినిమిషముల మాటయు ఒక ఓటీపీయు. వలదన్న వస్తువును బలవంతముగ అంటగట్టి, దాని ధర చౌక యని చాటుట సంతలోని యెత్తుగడ. ఇది గ్రహించియే ట్రాయి 2024 డిసెంబరు 23న, ఇంటర్నెట్టు వలదనువారికి మాటలును సందేశములును మాత్రమే యిచ్చు ప్లానులు పెట్టవలెనని ఉత్తరువిచ్చినది. 2022 జనవరి 27న, ప్రతి కంపెనీయు నిండుగ 30 దినముల గడువు గల ప్లానొకటైన నుంచవలెనని ఉత్తరువిచ్చినది. ఈ రెండు ఉత్తరువులు మన పట్టణములో నెందఱికి తెలియును? తెలియని హక్కు లేని హక్కుతో సమానము. దుకాణదారు తనంత చెప్పడు, అడిగినవానికే దక్కును.

రెండవ ఆక్షేపణ: ‘ప్రభుత్వకంపెనీ సిమ్ము వేసిన సిగ్నలు రాదు.’ ఈ యాక్షేపణలో సత్యము కలదు; దానిని మేము కప్పిపుచ్చము. కాని సత్యమంతయు నిది కాదు. ప్రైవేటువారు 2012లోనే 4జీ ఆరంభింపగా, ప్రభుత్వసంస్థకు 4జీ తరంగము లిచ్చుటకు కేంద్రము 2019 అక్టోబరున గాని నిశ్చయింపలేదు. 2020లో పిలిచిన టెండరు ఆ యేడే రద్దైనది. 2025 సెప్టెంబరు 27న గాని స్వదేశీ 4జీ దేశవ్యాప్తముగ ప్రారంభము కాలేదు. కాళ్లు కట్టి పందెమున విడిచి, ఓడినాడని నవ్వుట న్యాయమా? మఱియు మన నిలకడ యెంతటిది? 2024 జూలై పెంపుపై కోపించి ఆ యొక్క మాసముననే సుమారు 29 లక్షలమంది ప్రభుత్వసంస్థలో చేరిరి. నవంబరు నాటికి ప్రవాహము తిరుగుముఖము పట్టి, ఆ మాసమున సంస్థ మూడులక్షలకు పైగ చందాదారులను గోల్పోయెను. వచ్చినవారిని నిలుపుకొనలేని సంస్థాధికారుల అలసత్వమును ఎంత నిందించినను తప్పులేదు. అయినను మన యాగ్రహము నాలుగుమాసముల యాగ్రహమని పెద్దకంపెనీలు కనిపెట్టినవి. నాలుగుమాసములు ఓర్చుకొనిన చాలునని వారికి మనమే పాఠము చెప్పితిమి.

మూడవ ఆక్షేపణ దేశభక్తిరూపమున వచ్చును: ‘విదేశీఫోను మానుము, స్వదేశీఫోను కొనుము, అంతటితో ధర్మము నెఱవేఱినది.’ ఈ స్వదేశాభిమానమును మేము గౌరవింతుము. కాని అది గుఱి తప్పినది. హైదరాబాదున 2009లో పుట్టిన సెల్‌కాన్ కంపెనీ తెలుగువారిది. 2015లో మేడ్చలులో కర్మాగారమును బెట్టినది. ఒకనాడు మైక్రోమాక్సు దేశవిపణిలో అగ్రస్థానమున కెగబ్రాకినది. 2014లో చైనా ముద్ర లొక్కటొక్కటిగ దిగగనే ఆ వెలుగు మలగినది. ఏలయన పైముద్ర మనదైనను లోపలి విద్య మనది కాదు. మఱియొక వంక, 2015 ఆగస్టునుండి చైనాముద్ర గల షియోమి ఫోనులు మన శ్రీసిటీలో తెలుగుకార్మికుల చేతులమీదుగ తయారైనవి. 2020లో సరిహద్దున రక్తము చిందినపుడు వీథులలో బహిష్కార నినాదములు మిన్నుముట్టెను. అయినను ఆ తరువాతి యేండ్లలో దేశమున ఎక్కువగ అమ్ముడైనవి చైనాముద్రలే. పైపూత జూచి స్వదేశమిది, విదేశమిది యని తేల్చుట యిక సాధ్యము కాదు. స్వదేశమన నెచ్చట వెదకవలెను? టవరులో వెదకవలెను. 1984లో స్థాపితమైన ప్రభుత్వపరిశోధనసంస్థ సీ-డాట్ రూపొందించిన కేంద్రయంత్రాంగము, బెంగుళూరు తేజస్ సంస్థ చేసిన రేడియోలు, టీ.సీ.ఎస్. కూర్పు, వీనితో నిలిచినది ఆ స్వదేశీ 4జీ. ఇట్టి యంత్రములు సొంతముగ చేయగల దేశములు వ్రేళ్లపై లెక్కింపదగినవి. ఫోనుపై పూసిన ముద్రకన్న ఈ విద్య వేయిరెట్లు స్వదేశి.

అట్లైన ఫోను నెట్లు ఎన్నుకొనవలెను? సిమ్మును ముందు నిశ్చయించి, ఫోనును పిదప కొనవలెను. కరీంనగరమున బాగున్న కంపెనీ మన యూరి కడపటి వాడలో బాగుండవలెనను నియమము లేదు. తక్కువ పౌనఃపున్యమైన 700 మెగాహెర్ట్జుల తరంగము దూరము పోవును, గోడలు దాటును. 3300 ప్రాంతపు 5జీ తరంగము వేగము గలదేగాని దగ్గఱనే ఆగును. ఒక టవరు శక్తిని దాని క్రింది జనమంతయు పంచుకొనవలసినదే. కావుననే శివరాత్రి జాతరకు లక్షలజనము చేరునపుడు ఏ కంపెనీ సేవ నిలుచునో, ఏది నీరుగారునో కనిపెట్టి యుండుట మంచిది. ఇంటిలోను, పొలములోను, పనిచేయుచోటను ఏ సిగ్నలు నిలుచునో ముందు ఇరుగుపొరుగువారి ఫోనులలో చూచుకొనవలెను.

పిదప ఫోను. అది రెండు సిమ్ములు పట్టునదై యుండవలెను. పోవుటకు త్రోవ లేనివానికి బేరమాడు శక్తి లేదు. ప్రభుత్వసంస్థ 4జీకి 28వ బ్యాండును, 1వ బ్యాండును ముఖ్యములు; ఈ రెండును ఫోను వివరపత్రమున నున్నవో లేవో దుకాణముననే చూడవలెను. దుబాయినుండి అన్నదమ్ములు ప్రేమతో తెచ్చు ఫోనులలో కొన్నిటికి మన బ్యాండులు లేకపోవచ్చును. కొన్నిటి గ్యారంటీ కొన్న దేశముతోనే ముగియును. కెమెరాకన్న ముందు, భద్రతకు సంబంధించిన అప్‌డేటులు ఎన్నియేండ్లు వచ్చునని అడుగవలెను. 2024లో కొన్ని కంపెనీలు ఏడేండ్ల వఱకు మాటయిచ్చినవి. అవి నిలిచిన ఫోనులో బ్యాంకువ్యవహారము తలుపు తెఱచి నిద్రించుట వంటిది. పాతఫోను కొనునపుడు నక్షత్రము, చతురస్రపు గుర్తు, సున్న, ఆఱు, మరల చతురస్రపు గుర్తు నొక్కి పదునైదంకెల సంఖ్యను తీసి, సంచార్ సాథీలో సరిచూచి, దొంగసొత్తు కాదని రూఢిచేసికొని మఱి కొనవలెను.

మఱియొక పరీక్ష కలదు: తెలుగుపరీక్ష. 2018 ఫిబ్రవరిలో నొక వింత జరిగినది. లోకమున మిక్కిలి ఖరీదైన ఐఫోనునకు తెలుగులో ‘జ్ఞా’ అను అక్షరము వచ్చినంతనే యాపులు కుప్పకూలినవి. కొలదిదినములకు ఆపిల్ కంపెనీ దిద్దుబాటు పంపవలసివచ్చినది. జ్ఞానమను మాటలోని తొలియక్షరమును మోయలేకపోయిన దా లక్షరూపాయల వస్తువు! వేములవాడ చాళుక్యుల యేలుబడిలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు కుఱిక్యాల గుట్టపై తెలుగు కందపద్యములు చెక్కించి వేయేండ్లు దాటినది. ఱాయి మోసిన యక్షరమును ఫోను మోయవలదా? ఫోనులోను, కంపెనీ పంపు సందేశములోను తెలుగు కోరుట గొంతెమ్మకోరిక కాదు. అర్థముకాని భాషలో వచ్చిన ప్లాను నియమములకు అంగీకరించితినని నొక్కిన మీట స్వేచ్ఛాసమ్మతి యెట్లగును?

ఇక కర్తవ్యము. కంపెనీ మార్చుటకు ‘పోర్ట్’ అను ఆంగ్లపదమును, ఖాళీ విడిచి మన సంఖ్యను వ్రాసి 1900కు సందేశము పంపిన చాలును. ఉన్న కంపెనీలో 90 దినములు గడచియుండవలెను. వచ్చిన గుర్తుసంఖ్య నాలుగుదినములు చెల్లును. ఈ ఆయుధము మన చేతనున్నది, తుప్పు పట్టుచున్నది. ప్రతి కుటుంబమునందును ఒక సిమ్ము ప్రభుత్వసంస్థది యుండవలెను. అది దానము కాదు, బీమా. కాని ఊరక చేరి మిన్నకుండరాదు. సిగ్నలు లేనిచోట్ల పట్టికను ప్రతి పఠనాలయమును వ్రాసిపెట్టి, టవరు కావలెనని మహజరు పంపవలెను. పురపాలకసభ్యులను, శాసనసభ్యుని, పార్లమెంటుసభ్యుని ఓటునాడే గాక ఏడాది పొడవున అడుగవలెను. తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమై 2014 జూన్ 2 నుండి పదేండ్లు దాటినను, ఫోనులైసెన్సుల లెక్కలో మనము నేటికిని ‘ఆంధ్రప్రదేశ్’ సేవాప్రాంతములోనే యున్నాము. మన పల్లెల కొఱత ఆ మొత్తపు లెక్కలో మాయమగుచున్నది. మన రాష్ట్రమునకు వేఱులెక్క కావలెనని అడుగుటకు ఇంకెన్నాళ్లు కావలెను?

ప్రైవేటుకంపెనీ లన్నియు దుష్టములని మేమనుట లేదు. వర్తకుడు లాభము జూచుట వర్తకధర్మము. తప్పు చూడనిది కొనువాడు. పోటీ యున్నంతవఱకే వర్తకుడు మర్యాద పాటించును. పోటీ చచ్చిననాడు ప్రజ చందాదారు కాదు, కౌలుదారు. ఆ పోటీని బ్రతికించుట ఢిల్లీలోని మంత్రుల చేతిలోనే లేదు. 28 దినముల కొకసారి రీచార్జికై చేయిచాచు ప్రతి గృహస్థుని చేతిలోనున్నది. ఈసారి దుకాణమునకు పోయినపుడు కెమెరా యెంతయని పిదప అడుగుడు. 30 దినముల ప్లాను ఏదని, మాటలు మాత్రమున్న ప్లాను ఏదని, పోవలెనన్న నెట్లు పోవలెనని ముందడుగుడు. అడుగు ప్రజకే జవాబు వచ్చును. పగ్గము పట్టినవానికే కోడె లొంగును.